పార్కులో ఎదురొచ్చేవాణ్ణి

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. నా ముఖం సరైన మనిషి కంట్లో ఒక్కసారి పడితే చాలు, సినిమా వేషం దానంతటదే నడిచొస్తుందని. (ఈ నమ్మకం మా గదిలో అద్దానికి ఉన్నట్టు లేదు.) తెనాలి నుంచి హైదరాబాదు వచ్చి కృష్ణానగర్‌లో ఒక డాన్సరుతో గది పంచుకున్నాను. వయసులో పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. "గీ ఆఫీసుల చుట్టు తిరిగితే వాచ్‌మన్ మొఖం తప్ప ఇంకోటి కనవడదు తమ్మీ. పెద్దోళ్లంత పొద్దుగాల జూబ్లీహిల్స్ పార్కుల నడుస్తరు, గాడికి పో" అన్నాడు. పోయాను.

ఆ పార్కు కట్టినవాళ్లు కొండరాళ్ల జోలికి పోలేదు. రాయి అడ్డొచ్చిన చోటల్లా దారినే పక్కకి తిప్పేశారు. జనమంతా ఒకే దిక్కుగా తిరుగుతారు. ఒక పేరున్న దర్శకుడి వెనకాల వారం నడిచాక తెలిసింది, నేనొకణ్ణి ఉన్నానని కూడా ఆయనకు తెలియదని. మర్నాటి నుంచి ఎదురు దిక్కుగా నడిచాను. సమయం చూసుకుని, పెద్ద రాయి మలుపులో ఆయన ముందు హఠాత్తుగా ప్రత్యక్షమయ్యేవాణ్ణి, ఒకరోజు వీరరసంతో, ఒకరోజు కరుణరసంతో. (కరుణరసం నాడు ఒక పెద్దావిడ "కడుపునొప్పా నాయనా?" అని అడిగారు.)

నెల తిరక్కుండానే ఆయన సినిమా విడుదలై మొదటి రోజే బ్రహ్మాండం అనిపించుకుంది. మర్నాడు మలుపులో నన్ను ఆపారు. "నిన్న పొద్దున్నే ఎదురొచ్చింది నువ్వే కదయ్యా? రోజూ ఇదే టైముకి రా, మానకు" అన్నారు. మరి వేషం, అని నసిగాను. "నిన్ను షూటింగులో పెట్టుకుంటే పొద్దున్నే నాకు ఎదురెవరొస్తారు?" అన్నారు ఎంతో న్యాయంగా. ఆ విధంగా ఎనిమిది నెలలపాటు, జ్వరం వచ్చినా మానకుండా, ముత్తయిదువ చేయాల్సిన పని చేశాను.

తర్వాతి సినిమా విడుదల నాడు కూడా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ ఎదురెళ్లాను. మధ్యాహ్నానికల్లా అందరి ఫోన్లలోనూ సినిమా పోయిందన్న మాటే. "ఇగ ఆ దిక్కు పోకు తమ్మీ, నీ మొఖం జూస్తే ఆయన ఆమడ దూరం ఉర్కుతడు" అన్నాడు అన్న. కానీ మానేస్తే నేరం ఒప్పుకున్నట్టే కదా. వేషం మీద ఆశ ఎలాగూ పోయింది, మర్నాడు మొండి ధైర్యంతో వెళ్లాను.

ఆయన మలుపు దగ్గర బెంచీ మీద ఒంటరిగా ఉన్నారు. పక్కన కూర్చోమన్నారు. "ఈ రాయి పగలగొట్టి దారి తిన్నగా వెయ్యొచ్చు, వెయ్యలేదు చూడు. అవతల ఎవరొస్తారో తెలియనివ్వకుండా నడిపిస్తున్నాడు ఈ పార్కు కట్టిన మహానుభావుడు. నా సినిమాలో పది నిమిషాలకే అంతా కనబడిపోయింది. నువ్వు చూశావా?" అన్నారు.

"చూశాను సార్. ఇంటర్వెల్ తర్వాత నిద్రపట్టేసింది" అనేశాను. నోరు జారాక నాలుక కరుచుకుని ఏం లాభం? ఆయన బెంచీ అదిరేలా నవ్వారు. కళ్లు తుడుచుకుంటూ "ఇంతకీ నీ పేరేంటయ్యా?" అన్నారు. ఎనిమిది నెలల్లో పేరడగడం అదే మొదటిసారి.

వేషం మాత్రం ఇవ్వలేదు. కథలు విని, బాగాలేకపోతే బాగాలేదని చెప్పే ఉద్యోగం ఇచ్చారు. ఇప్పటికీ ఆ పనే నాకు అన్నం పెడుతోంది, ఆనందంగానే ఉన్నాను. అయినా ముఖం నిండా కరుణరసం పులుముకుని రాయి చాటున కాచుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. పాపం, వాడికి ఒక్క వేషం ఇవ్వాల్సింది. నేనైతే ఇచ్చేవాణ్ణి.