తిరిగే నట్టు

నరసరావుపేటలో జీపులకు లైట్లూ క్యారియర్లూ బిగించే యలమందకు మామగారి జీపు మీద చెయ్యేసే అదృష్టం ఇన్నాళ్లకు పట్టింది. "నట్లు బిగించేవాడికి పిల్లనిచ్చాను" అన్న బాధ మిర్చి రైతు రోశయ్యకు ఇంకా పోలేదు. ఆ మాట ఇవాళ్టితో మాన్పించాలనే పంతంతో అల్లుడు సామానుతో అత్తారి ఊరొచ్చాడు.

జీపు ముందు రేకు వెనక చెయ్యి దూరదు. అందుకే రేకుకు చిల్లు వేసి, రివెట్ నట్టు దూర్చి, రివెట్ గన్నుతో లాగితే అది వెనక ఉబ్బి పట్టుకుంటుంది. అందులో బోల్టు బిగించుకోవడమే. లైట్ల ఫ్రేముకు మూడు చక్కగా కూర్చున్నాయి. నాలుగోదాని వేళకు అత్తగారు బసవమ్మ గారెల పళ్లెంతో వచ్చింది.

"చల్లారిపోతాయి అల్లుడుగారూ, తినండి!"

అత్తగారి గారె కాదనే అల్లుడు ఆ ఊళ్లో ఇంకా అడుగు పెట్టలేదు. ఎడం చేత గారె, కుడి చేత డ్రిల్లు. డ్రిల్లు ఊగింది, చిల్లు పెద్దదైంది. నట్టు దూర్చి బోల్టు బిగించబోతే రెండూ కలిసి గిర్రున తిరుగుతున్నాయి. బిగవవు, ఊడి రావు.

"ఏమయ్యా, అదేంటి తిరుగుతోంది?" అన్నాడు రోశయ్య.

"దిష్టికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టడానికండీ. తిరిగే దిష్టిదండకు పవరెక్కువ."

బసవమ్మ తమ చేలో మిరపకాయలే గుచ్చి కట్టింది. డొంకదారిలో జీపు ఎగిరినప్పుడల్లా దండ గిరగిరా తిరిగింది. సాయంత్రానికి రోశయ్య ఇద్దరు రైతుల్ని జీపులతో సహా వెంటబెట్టుకొచ్చాడు.

"మా అల్లుడి పనితనం చూశారుగా! వీళ్లకీ తిరిగేదే పెట్టవయ్యా."

చేసిన తప్పు మళ్లీ అచ్చంగా అలాగే చేయడం ఎలాగో యలమందకు తోచలేదు. కుడి చేత డ్రిల్లు పట్టుకుని ఇంట్లోకి కేకేశాడు.

"అత్తయ్యగారూ, గారెలేమైనా మిగిలాయా?"