పాపిడి ఎటువైపు?

ఆ పేటలో పోయినవాళ్ళను సాగనంపే సంస్థకు ఓనరు ఒకరు కాదు. పేటంతా ఓనర్లే, ఇంటికో వాటా. మూతపడ్డ ప్రింటింగ్ ప్రెస్సు గదులకు సున్నం వేయించి, చల్లగా ఉండే గది ఒకటి కట్టించి పెట్టుకున్నారు. అందరూ దాన్ని ఆఖరాఫీసు అంటారు. నడిపేది మాత్రం ఒక్క మనిషే, పెద్దక్క. మేమంతా నీకు యజమానులం, గుర్తుపెట్టుకో అని కూరగాయల కొట్టాయన ఏడిపిస్తే, సరేలే బావా, ఎప్పటికైనా నా బల్ల మీదికి రావలసినవాడివేగా అంటుంది. ఆయన నవ్వుతాడు గానీ, అక్కడ ఎక్కువసేపు నిలబడడు.

పెద్దక్కకు ఆరా ఎక్కువ. చొక్కా చేతులు మడిచేవారా, కళ్ళజోడు ముక్కు మీద ఎందాకా జారేది, నవ్వితే పళ్ళు కనిపించేవా అని పోయినవాళ్ళ ఇంట్లోవాళ్ళను గుచ్చి గుచ్చి అడుగుతుంది. మనిషి తనలాగే వెళ్ళాలని ఆమె పట్టుదల. బతికున్న మొగుడికి టీలో చక్కెర సరిపోయిందో లేదో మాత్రం అడగవు అని ఆమె భర్త దెప్పుతుంటాడు.

ఆ రోజు బస్సు డిపో మెకానిక్కుని తీసుకొచ్చారు. పెద్దక్క ఆయన్ని రోజూ చూసేదే, కానీ ఎప్పుడూ తలకు గుడ్డ చుట్టుకునే ఉండేవాడు. భార్య మాట్లాడే స్థితిలో లేదు. అందుకని ఈసారి ప్రశ్నలన్నీ మింగేసి, ఆవిడ తమ్ముడు ఫోనులో చూపించిన ఫొటో ప్రకారమే తల దువ్వింది. ఫొటోలో ఉన్న నీలం చొక్కానే తొడిగింది.

భార్య లోపలికి వచ్చింది, చూసింది, రెండడుగులు వెనక్కి వేసింది.

"మా ఆయనలా లేరక్కా. ఎవరో దూరపు చుట్టంలా ఉన్నారు."

చొక్కా నచ్చలేదా, మీసం తేడాగా ఉందా అని పెద్దక్క అడిగింది. అవేవీ కావు. ఏం తేడానో ఆవిడకే తెలియడం లేదు. ఇక చూడను, ముఖం కప్పేయండి అని హాల్లోకి వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చుంది.

పెద్దక్క గడియారం చూసింది. కాసేపట్లో డిపోవాళ్ళు వస్తారు, ఆ వెంటనే బండి బయలుదేరుతుంది. ఈవిడకు జీవితాంతం గుర్తుండేది ఆ దూరపు చుట్టం ముఖమేనా?

తమ్ముడి దగ్గర మళ్ళీ ఫోను తీసుకుని ఫొటోనీ మనిషినీ మార్చి మార్చి చూసింది. ముక్కు అదే, చొక్కా అదే. కానీ ఒంటి మీద చొక్కాకు జేబు ఎడమవైపుంది, ఫొటోలో కుడివైపుంది. ఏ దర్జీ అలా కుడతాడు? ఫోనుని వాష్‌బేసిన్ మీది అద్దానికి ఎదురుగా పెట్టింది. అద్దంలో జేబు ఎడమవైపుకి వచ్చింది, పాపిడి కుడివైపుకి మారిపోయింది.

"ఈ ఫొటో ఎవరు తీశార్రా?"

"బావే తీసుకున్నాడక్కా, సెల్ఫీ."

అంటే ఫొటోలో కుడి ఎడమలు తారుమారయ్యాయి. ఆయన అద్దంలో తనను తాను చూసుకున్నట్టు దువ్వింది పెద్దక్క, భార్య చూసినట్టు కాదు. వెంటనే సరిదిద్దేయవచ్చు. కానీ ఈసారి ఫొటోను నమ్మబుద్ధి కాలేదు. దువ్వెన తడిపి హాల్లోకి వెళ్ళింది.

"ఒక్కసారి నువ్వే దువ్వమ్మా."

"పాపిడి ఎటో నాకు గుర్తు లేదక్కా."

"చెప్పొద్దులే. దువ్వు చాలు."

ఆవిడ అయిష్టంగానే వచ్చింది. ఆయన తల దగ్గర నిలబడింది. తర్వాత చెయ్యి తడుముకోకుండా కుడివైపు నుంచి పాపిడి తీసి, నుదుటి మీది వెంట్రుకలను వేళ్ళతో కాస్త చెదరగొట్టింది.

"ఇదిగో, ఇప్పుడు మీరు," అంది. తర్వాత గొంతు మారింది. "వంటింటి కుళాయి ఆదివారం చూస్తానన్నారు. ఎన్ని ఆదివారాలు పోయాయి? ఊళ్ళో బస్సులన్నీ బాగుచేశారు గానీ..."

పెద్దక్క ఆవిడ వెనకగా కుర్చీ జరిపి, బయటికొచ్చి తలుపు చేరవేసింది. డిపోవాళ్ళు అప్పటికే వరండాలో నిలబడి ఉన్నారు. ఇంకెంతసేపు పడుతుందక్కా అని వాళ్ళలో ఒక డ్రైవరు మెల్లగా అడిగాడు.

"వాళ్ళావిడ తిడుతోంది," అంది పెద్దక్క. "తనివితీరా తిట్టుకోనివ్వండి."