మిరప బస్తాల పక్కన ఏంజెల్ చేపలు

మొన్న పంటి డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుంటే, ఎదురుగా గోడ పొడవునా అద్దాల తొట్టి, అందులో ఊగుతున్న పగడాలు, వాటి మధ్య నీలం చారల ఏంజెల్ చేప ఒకటి దొరసానిలా తిరుగుతూ కనిపించేసరికి పన్ను నొప్పి సంగతే మరిచిపోయాను. అవి సముద్రపు నీళ్లట, పగడాలు ప్రాణమున్నవేనట, చేప వాటిని కొరక్కుండా కనిపెట్టుకుని ఉండాలట. కౌంటరు దగ్గరి అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. మా మామగారు వింటే ఎంత సంబరపడేవారో!

ఎనభైల్లో నేను కాపురానికొచ్చిన గుంటూరు ఇంట్లో, ముందుగదిలో, ఆయనకీ ఓ తొట్టి ఉండేది. మామూలు మంచినీళ్ల తొట్టే. మద్రాసు నుంచి తెప్పించిన జత ఏంజెల్ చేపలు, వాటి వెనక తెల్లటి పగడపు కొమ్మ. ఆ కొమ్మ మా అత్తగారు రామేశ్వరం నుంచి చీరల మడతల్లో దాచి తెచ్చారట. ఆవిడ నా పెళ్లికి ముందే పోయారు. అప్పట్నించీ మామగారు మనుషులతో మాటలు తగ్గించేసి, ఏం చెప్పుకున్నా ఆ చేపలతోనే చెప్పుకునేవారు. ఇక కోడలితో ఎదురుపడి మాట్లాడటం ఆ రోజుల్లో మన ఇళ్లలో ఎక్కడిది? కాఫీ కావాలన్నా గోడకేసి చూసి చెప్పేవారు, గోడ తరఫున నేను తెచ్చిచ్చేదాన్ని.

ఆ వేసవిలో తుళ్లూరు దగ్గరి మా పుట్టింటి నుంచి మా అన్నయ్య మిరపకాయలు మార్కెట్ యార్డుకి తోలుకొస్తూ, దారిలో మబ్బు పట్టిందని, బస్తాలన్నీ మా ముందుగదిలో తొట్టి బల్లను ఆనించి వేయించాడు. ఇల్లంతా ఘాటు, ఒకటే తుమ్ములు. గుంటూరులో తుమ్మితే ఎవరు పట్టించుకుంటారండీ? మేమూ పట్టించుకోలేదు.

మర్నాటికి చేపలు నీటిపైకొచ్చి నోళ్లు తెరిచి ఆయాసపడుతున్నాయి. మామగారు నీళ్లు మార్చారు, మేత ఆపారు, ఆఖరికి ఆ కొమ్మలోనే ఏదో దోషముందేమోనని దాన్ని బయటికి తీసేశారు. ఆ పూట అన్నం ముట్టలేదు. చేపలకేమన్నా అయితే నాన్నగారు ఇక నోరే విప్పరని మా ఆయన దిగులు. నాకు కాలూ చేయీ ఆడలేదు.

సాయంత్రం ఉండబట్టలేక తొట్టి మీదికి వంగి చూశాను. బుడగలు పైకొచ్చి చిట్లుతున్నాయి, ముక్కు భగ్గుమంది, హాచ్చి! గదిలో ఘాటంటే సరే, నీళ్లలోంచి ఘాటేమిటి? బుడగలొచ్చే గొట్టం వెంబడి వెతుక్కుంటూ పోతే, బల్ల కింద బస్తాల సందులో గాలి పంపు, ఒళ్లంతా ఎర్రటి మిరప దుమ్ముతో! గదిలో కారమంతా పీల్చి తిన్నగా చేపల నీళ్లలోకి ఊదుతోంది మహాతల్లి.

మర్యాదా గిర్యాదా మరిచిపోయి, "మామయ్యగారూ, రండి, నీళ్లలోకి కారం పోతోంది!" అని కేకేశాను. పంపు పీకేసి, తోడి ఉంచిన నీళ్ల గంగాళంలోకి చేపల్ని మార్చి, బస్తాలు వసారాలోకి లాగించి, గంగాళానికి అటొకరం ఇటొకరం కూలబడ్డాం. దీపాలు పెట్టే వేళకి అవి అడుక్కి దిగి మెల్లగా రెక్కలు విప్పాయి. హమ్మయ్య! నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

మామగారు కండువాతో కళ్లు తుడుచుకుని, గోడవైపు కాదు, నావైపే తిరిగి, "అమ్మాయ్, ఆ కొమ్మ ఇలా అందుకో. మీ అత్తగారి తప్పేం లేదు" అన్నారు. అదే ఆయన నాతో ఆడిన మొదటి మాట, ఆ తర్వాత బతికున్నన్నాళ్లూ మాట్లాడుతూనే ఉన్నారు.

ఇప్పుడు కాయలు కళ్లంలోంచి నేరుగా కోల్డ్ స్టోరేజీకి పోతున్నాయి, ఇళ్లలో ఘాటు లేదు. మామగార్లు కోడళ్లతో హాయిగా కబుర్లు చెబుతున్నారు. మంచిదే కదా. అయినా డాక్టరు పిలిచారని లేస్తూ, ఎందుకో ఆ తొట్టి మీదికి వంగి గట్టిగా గాలి పీల్చి చూశాను. తుమ్ము రాలేదు.