మూడు కంప్యూటర్లకి వడ్డించి నేను పస్తున్న కథ

బీటెక్ ఆఖరి ఏడాదిలో నా కొంప నేనే ఎలా ముంచుకున్నానో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. జాలి మాత్రం పడకండి, ఎవరైనా జాలిపడితే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

మాది రావులపాలెం పక్కన చిన్న ఊరు. రోజూ బస్సులో రాజమండ్రి వెళ్లి చదువుకునేవాణ్ణి. ఆఖరి ఏడాది మధ్యలో ఒక కంపెనీ వాళ్లు, విద్యార్థి అని కాలేజీ కాగితం చూపిస్తే తమ ఆఫీసు సాఫ్ట్‌వేర్ సగానికి సగం తగ్గించి ఇస్తామన్నారు. అప్పట్లో ఊరందరి దగ్గరా ఉండేది దొంగ సీడీయే. అట్టపెట్టెలో, మెరిసే కాగితంతో, అసలు సిసలు సీడీ కొన్నవాణ్ణి మా చుట్టుపక్కల నేనొక్కణ్ణే. పెట్టె మీద "మూడు కంప్యూటర్లలో వేసుకోవచ్చు" అని ఉంది. ఆ మూడు అనే మాట చూసి మా అమ్మ కళ్లు మెరిశాయి. నేను అప్పుడే జాగ్రత్తపడాల్సింది.

మా నానమ్మ పెట్టిన రూలొకటి మా ఇంట్లో ఉంది. వచ్చినవాళ్లందరూ తిని లేచాకే ఇంట్లోవాళ్లకి విస్తళ్లు వెయ్యాలి. వడ్డించేవాడు మధ్యలో ఒక్క గారె నోట్లో వేసుకున్నా నానమ్మ ఊరుకునేది కాదు. అన్నానికి పెట్టిన రూలు అన్నానికే ఉంచాలి కదా? నేను సాఫ్ట్‌వేర్‌కి కూడా పెట్టాను. నా కంప్యూటర్లో స్నేహితుడిచ్చిన ట్రయల్ కాపీ ఒకటి ఉంది, ఇంకా బోలెడు రోజుల గడువుంది. మనకేం తొందర, ముందు అయినవాళ్లకి పెడదాం అనుకున్నాను.

మొదటిది రావులపాలెం మావయ్యకి వేశాను. అరటిగెలల వ్యాపారం ఆయనది. కొత్తగా కంప్యూటర్ కొని, దానికి పసుపు కుంకుమ పెట్టి, ఏం చెయ్యాలో తెలీక చూస్తున్నాడు. రెండోది ఆత్రేయపురం పెద్దమ్మకి. పూతరేకుల పెట్టెల మీద అంటించే చీటీలు అందులో చేసుకుంటానంది. మూడోది మా విభాగం హెడ్డు కోదండం మాస్టారికి. "ఏవయ్యా, అసలు సీడీ కొన్నావటగా?" అన్నారాయన వరండాలో. ఆ ప్రశ్నకి "లేదండి" అనగలిగే విద్యార్థి గోదావరి జిల్లాల్లో పుట్టలేదు. ఆ ఆదివారమే వాళ్లింటికి వెళ్లి వేసి, కాఫీ తాగి వచ్చాను.

ఇలా పంక్తి అంతా వడ్డించాక నా ప్రాజెక్టు వచ్చింది. ల్యాబులో ఉన్న నాలుగు కంప్యూటర్లనీ విద్యార్థులందరికీ వంతులవారీగా పంచే ప్రోగ్రాం. దాని మీద ఎనభై పేజీల రిపోర్టు ఇవ్వాలి. ఇవ్వకపోతే వైవా లేదు, వైవా లేకపోతే డిగ్రీ లేదు. ఇచ్చే తేదీ ఇంక మూడు రోజులుందనగా నా ట్రయల్ కాపీ గడువు తీరి మూతపడింది. నవ్వుతూ పెట్టెలోంచి నా సీడీ తీశాను. ఇరవై అయిదు అక్షరాల తాళం టైపు చేశాను. మీ మూడు కంప్యూటర్లూ అయిపోయాయి అని వచ్చింది. నా పెళ్లికి నేను వెళితే లోపలికి రానివ్వనట్టు అనిపించింది.

నెట్ సెంటర్లో టైపు చేసుకోవచ్చుగా అంటారేమో. మాస్టారిచ్చిన ఫార్మాటు అక్కడి పాత సాఫ్ట్‌వేర్లో తెరిస్తే పట్టికలన్నీ చెల్లాచెదురయ్యేవి. మూలనున్న ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తి కంపెనీకి ఫోన్ చేశాను.

"ఒకదాంట్లోంచి తీసేస్తే మీకొకటి ఖాళీ అవుతుందండి," అంది అవతలి అమ్మాయి. "అయితే సార్..."

నేను "థాంక్సండి!" అని పెట్టేశాను. ఈ "అయితే" గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ముందు పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. ఇంట్లో బియ్యప్పిండి రేకులు ఆరుతున్నాయి. నన్ను చూడగానే, "ఒరే నాన్నా, నీ పుణ్యమా అని చీటీలు ఎంత బాగా వస్తున్నాయో!" అని వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించింది. "మా మరిది కొడుకండి, అసలు సీడీ ఇచ్చాడు." ఇచ్చింది వెనక్కి ఇమ్మని ఆ ముఖం చూస్తూ ఎలా అడగను? పప్పుచారుతో భోంచేసి, రెండు పెట్టెల పూతరేకులు పట్టుకుని, నోరు విప్పకుండా వచ్చేశాను. రావులపాలెం బస్సులో కూర్చున్నాక నిజంగానే కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

మావయ్య దగ్గర ఇంకో కష్టం. ఆయన ఆ సాఫ్ట్‌వేర్లో చేసేదల్లా ఒక్కటే. పొద్దున్నే తెరిచి, ఒక్క వేలితో వెతుక్కుంటూ ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీరామ అని కొట్టి, మూసేసి, మార్కెట్‌కి వెళ్తాడు.

"అది తెరిచి వెళ్తేగానీ మంచి బేరం తగలట్లేదురా!" అన్నాడు ముద్దపప్పులో నెయ్యి వేస్తూ.

"మావయ్యా, ఒక మాట..."

"ముందు తిను. ఏవే, వాడికి ఇంకో రెండు వడియాలు వెయ్యి."

ఆ మధ్యాహ్నానికి రెండో భోజనం అయింది. అడగలేదు. సాయంత్రం పెసరట్టు అయింది. అడగలేదు. చెయ్యి కడుక్కుంటూ భోరుమన్నాను. మావయ్య కంగారుపడిపోయాడు.

"ఏంట్రా? అట్టులో కారం ఎక్కువైందా?"

విషయం చెప్పాను.

"పెట్టినవాడివి నువ్వే తీసుకెళ్తే నలుగురూ ఏమనుకుంటార్రా?"

"పోన్లెండి, పిల్లాడి చదువు కదా!" అంది అత్తయ్య లోపల్నుంచి.

"సరే, తీసుకో," అన్నాడు మావయ్య. "ఒక్క నిమిషం ఆగు." కూర్చుని చివరిసారి శ్రీరామ అని కొట్టాడు. కొట్టి లేచి, అటు తిరిగి నిలబడ్డాడు. నేను తీసేశాను. వట్టి చేతులతో పంపడం ఇష్టంలేక చక్కరకేళి గెల ఒకటి నా భుజం మీద పెట్టాడు.

ఆ గెలతోనే బూత్‌లోకి దూరాను.

"తీసేశానండి! ఇప్పుడు నాది తెరవండి."

"తీసేముందు ఆ కంప్యూటర్ మీద వచ్చిన నంబరు రాసుకున్నారా సార్?"

"ఏ నంబరండి?"

"అదే చెప్పబోతుంటే మీరు పెట్టేశారు సార్. అది లేకపోతే ఖాళీ అయినట్టు మాకు తెలీదండి."

మావయ్యకి పోయింది, నాకు రాలేదు. నా అంత దరిద్రుడు డెల్టాలో ఇంకోడు ఉండడని రూఢి అయింది. బూత్ ఆయనకి ఒక అత్తం అరటిపళ్లు ఇచ్చి ఇంటికొచ్చి పడ్డాను.

మర్నాడు మిగిలిన గెలతో, పూతరేకులతో కోదండం మాస్టారింటికి వెళ్లి మొత్తం ఒప్పుకున్నాను. ఆయన గెల వైపూ, నా వైపూ చూశారు.

"మూడు ఉంటే మూడూ పంచేశావా?"

"అవునండి."

"నీకొకటి అట్టేపెట్టుకోవాలని తోచలేదూ?"

"ముందు పెద్దలకని..."

"కూర్చో. ఇక్కడే కొట్టుకో."

రెండు రోజులు ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ఎనభై పేజీలూ కొట్టాను. ఆయన వెనక నిలబడి ప్రతి వాక్యానికీ "ఇది తప్పు" అనేవారు. మాస్టారి భార్య అతిథినని నాకు పెట్టాకే ఆయనకి పెట్టేవారు. ఆకలితో మాస్టారు ఇంకా ఎక్కువ తప్పులు పట్టేవారు. ఏమైతేనేం, తేదీలోపు రిపోర్టు ఇచ్చేశాను. గండం గడిచిందనుకున్నాను.

వైవా రోజున బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు నా రిపోర్టు తిరగేసి, వారంపాటు వంతులు పంచిన పట్టిక దగ్గర ఆగారు. వేలు పెట్టి పైనుంచి కిందకి, కిందనుంచి పైకి చూశారు.

"బాబూ, మీ క్లాసులో అందరికీ వంతులు వచ్చాయి. నీ నంబరుకి ఒక్కటీ రాలేదేంటి?"

వంగి చూశాను. నిజమే. జాబితాలో నా పేరు నేనే అందరికన్నా చివర పెట్టుకున్నాను. నా దాకా వచ్చేసరికి కంప్యూటర్లు అయిపోతున్నాయి. సోమవారం అయిపోయాయి, మంగళవారం అయిపోయాయి, శనివారం దాకా అదే వరస. కోదండం మాస్టారి వైపు చూశాను.

"ప్రోగ్రాంలో తప్పేం లేదండి," అన్నారాయన నిట్టూర్చి. "కుర్రాడే అంత."

బొటాబొటీ మార్కులతో గట్టెక్కాను. మావయ్య ఆ ఏడాది బేరాలు సరిగ్గా లేవని చెప్పినప్పుడల్లా నా వైపే చూసేవాడు.

కాబట్టి పైనున్న మా నానమ్మ క్షమించుగాక, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నా చేతికి ఏది చవగ్గా వచ్చినా, ఊరికే వచ్చినా, ఎదురుగా మాస్టారే కూర్చుని ఉన్నా సరే, మొదటి వడ్డన నా విస్తట్లోనే. ఎవరైనా "అయితే..." అంటే మాత్రం, ఆ మాట పూర్తయ్యేదాకా ఫోన్ పెట్టను.