మెట్లు నిటారుగా ఉన్నాయన్నాను

పొద్దున యూనివర్సిటీ రోడ్ల మీద మా ఆయనతో నడకకు వెళ్తే తార్నాక వాళ్లు ఎవరో ఒకరు ఆపి అదే మాట అడుగుతారు. అంత చక్కటి దీవిని, అంత చల్లటి వానల్ని వదిలేసి ఎట్లా వచ్చారమ్మా అని. నేను పెట్టిన ఫొటోలు చూసి ఉంటారు. వాటిలో పచ్చిక కనిపిస్తుంది, సముద్రం కనిపిస్తుంది. మా మంచం వెనక గోడ కనిపించదు.

మా ఆయన సముద్రపు నాచు మీద పరిశోధన చేస్తాడు. హైదరాబాదులో కూర్చుని సముద్రపు నాచేందని మా నాయిన పెళ్లికి ముందే అడిగాడు. ఆ నాచు పుణ్యమా అని రెండేళ్ల ఫెలోషిప్ వచ్చి, ఒక బజారు, ఒక బడి, ఒక పడవల రేవు తప్ప ఇంకేమీ లేని ఆ పరాయి దేశపు దీవిలో పడ్డాం. అక్కడ వాన కురిసి పోయేది కాదు, మనతో కాపురం చేసేది. ఉప్పు నీరైంది. కారం గడ్డ కట్టింది. అప్పడం వేయించి పళ్లెంలో పెట్టేలోపే మెత్తబడేది. మొదటి వారమే గొడుగు గాలికి విరిగితే పారేయడానికి వెళ్లాను. చెత్తడబ్బాలో అప్పటికే ఇంకొకరెవరివో గొడుగులున్నాయి. ఉతికిన దుప్పటి ఆరేలోపు హబ్సిగూడలో ఒక అపార్ట్‌మెంటు లేస్తుంది.

వీటికి నవ్వుకోవచ్చు. నవ్వుకోలేనిది మా ఆయన ఛాతీ. మాకు దొరికిన కింది వాటా గోడలకు నల్లగా బూజు పట్టేది. రుద్ది కడిగితే వారానికి మళ్లీ ప్రత్యక్షం. మూడో నెలకి ఆయనకు పిల్లికూతలు మొదలయ్యాయి. డాక్టరమ్మ ఇన్‌హేలర్ రాసిచ్చి, మందు కన్నా ముందు పొడిగా ఉండే ఇంటికి మారండి అంది. మారడానికి ఇల్లుండాలి కదా. వెతగ్గా వెతగ్గా, గుట్ట మీద ఒక ముసలావిడ తన ఇంటి పక్కనే అద్దెకిచ్చే ఇల్లొక్కటే ఖాళీగా ఉందని తెలిసింది.

బేరం సంగతి నాకు వదిలెయ్యమని నేనొక్కదాన్నే వెళ్లాను. లాలాపేట్‌లో మా నాయినది స్టీలు సామాన్ల దుకాణం, పక్కనే మేనమామ బట్టల కొట్టు, ఎదురుగా పెదనాయిన కిరాణం. గల్లాపెట్టె పక్కన కూర్చుని హోంవర్కు చేసుకున్నదాన్ని నేను. నచ్చిన వస్తువు వైపు చూడొద్దన్నది మాకు అక్షరాల కంటే ముందు నేర్పిన పాఠం. నచ్చనిదాన్ని చేతిలోకి తీసుకోవాలి. నచ్చినదానికి వంకలు పెట్టాలి. ఆ తర్వాత చెప్పులేసుకుని బయల్దేరాలి. వెనక నుంచి పిలుపు వస్తుంది. రాకపోవడమన్నది నేను పుట్టి ఎరగను.

తలుపు తీయగానే ఎండు చెక్క వాసన. మూలన కట్టెల పొయ్యి. గోడకు అరచెయ్యి ఆనిస్తే వెచ్చగా ఉంది. ఈ ఇంట్లో మనిషి ఊపిరి పీల్చుకోవచ్చు అనుకున్నాను. అనుకున్న వెంటనే ముఖం చిట్లించాను.

మెట్లు నిటారుగా ఉన్నాయన్నాను. ఆవిడ మెట్ల వైపు ఒకసారి చూసి, నిజమేనంది. వంటిల్లు ఇరుకన్నాను. అవునంది. కిటికీలోంచి సమాధులు కనిపిస్తున్నాయన్నాను. తన భర్త కూడా అక్కడే ఉన్నాడని చెప్పింది. నేను ఆగాల్సింది అక్కడ. ఆగకుండా, బజారు దూరమన్నాను. దానికీ తలూపింది. ఒక్కదానికైనా ఎదురు చెప్పదే. మా బజారులో ఇన్ని వంకలు పెడితే ఈపాటికి ఆ ఇంట్లో పుట్టిన మహారాజుల కథలు చెప్పేవాళ్లు. ఈవిడ నా మాటలన్నీ శ్రద్ధగా విని ఒప్పేసుకుంటోంది.

ఆలోచించి చెబుతానని బయటికొచ్చాను. గేటు దగ్గర షూ లేసు విప్పి మళ్లీ కట్టుకున్నాను. పిలుపు లేదు. వెనక్కి చూడకూడదు, చూశాను. ఆవిడ వానలో నిలబడి ప్రేమగా చెయ్యూపుతోంది.

మా నాయినకు ఫోన్ చేస్తే ఆయన అడిగింది ఒక్కటే.

"తిరిగి సూడలే గద బిడ్డా?"

"సూడలే నాయినా," అని అబద్ధమాడాను.

"గట్లయితే ఊకో. రెండు దినాలల్ల ఆమెనే పిలుస్తది. ఇల్లు ఖాళీగ పెట్టుకొని ఏం జేస్తది?"

రెండు రోజులకు చేపల దుకాణంలో తెలిసింది ఏం చేసిందో. ఇల్లు నాకు నచ్చలేదని బాధపడి, పడవ మీద పనిచేసే ఒకాయనకు మాటిచ్చేసిందట. వచ్చే నెల చేరతాడట. అంతటితో అయిపోతే బాగుండు. నాకు మెట్లు పడవన్న సంగతి ఊరంతా పాకింది. పాపం మోకాళ్లు అనుకున్నారు. రేవు పక్కన మెట్లు లేని ఇల్లొకటి ఖాళీ అవుతుందని లైబ్రరీలో ఒకరు, పోస్టాఫీసులో ఒకరు చెప్పారు. పోటు వచ్చినప్పుడు నీళ్లు గుమ్మం దాకా వస్తాయి కానీ మెట్లు మాత్రం ఒక్కటీ లేవట. మా ఆయన్ని చూపించడానికి వెళ్తే డాక్టరమ్మ ముందు నా మోకాళ్ల గురించి అడిగింది. ఇంత మంచి మనుషుల మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

ఆ వారం ఒక సాయంత్రం మా ఆయన ల్యాబ్ నుంచి వస్తూ ఇంటి ముందున్న చిన్న ఎత్తు ఎక్కలేక రెండుసార్లు ఆగాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఆగిన ప్రతిసారీ సముద్రం చూస్తున్నట్టు అటు తిరిగాడు. సముద్రం అటువైపు లేదు.

మర్నాడు పొద్దున్నే వానలో తడుస్తూ గుట్ట ఎక్కాను. తలుపు తీసిన ఆవిడతో, నా జన్మలో ఏ దుకాణదారుతోనూ అనని మాట అన్నాను.

"మీ ఇల్లు నాకు చాలా నచ్చింది. నాకు కావాలి."

ఆవిడ ముందు తువ్వాలు తెచ్చిచ్చింది. "మరి మెట్లు?"

"మెట్లు బాగున్నాయి."

"సమాధులు?"

"అవీ బాగున్నాయండీ."

మా దగ్గర నచ్చిందని చెప్పినవాళ్లు ఓడిపోయినట్టేనని, అందుకే అట్లా మాట్లాడానని చెప్పుకొచ్చాను. టీ చల్లారేదాకా వింది. "అయితే మీ వాళ్లకి నిజంగా ఏం కావాలో మీకెలా తెలుస్తుంది?" అని అడిగింది. అందులో వెటకారం లేదు, తెలుసుకోవాలనే అడిగింది. దానికే నాకు ఒళ్లు మండిపోయింది. ఇచ్చిన మాట తను వెనక్కి తీసుకోలేనంది. కావాలంటే ఆ పడవ మనిషినే అడగమంది.

అతను రేవులో తాడు చుడుతున్నాడు. పిల్లికూతలతో సహా అంతా చెప్పాను. చివరిదాకా విని, తనకూ ఆ ఇల్లు కావాలని, క్షమించమని చెప్పాడు. మా బజారులో కుదరదన్నవాడితో ఇంకో గంట మాట్లాడవచ్చు. ఇతనితో మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు.

ఇంటికొచ్చి, ఇల్లు పోయిందని చెప్పాను. మా ఆయన స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని కూర్చున్నాడు.

"పోతే పోనీ. నాకేమైంది, మంచిగనే ఉన్న."

లాలాపేట్‌లో మా దుకాణం వెనక సందులో పెరిగినవాడే ఈయనా. మూడు నెలలుగా ఇదే మాట అంటున్నాడు. ఫెలోషిప్ పోతుందన్న భయంతో ఆయన అట్లా అంటున్నాడు, నాకూ అదే వీలుగా ఉంది కాబట్టి నేను నమ్ముతున్నాను.

"గా మాటలొద్దు," అన్నాను. "నీకేం గావాల్నో చెప్పు."

ఆయన జేబులోంచి ఇన్‌హేలర్ తీసి బల్ల మీద పెట్టాడు.

"పోదాం," అన్నాడు. "ఊపిరి ఆడ్తలేదు."

ఫెలోషిప్ వాళ్లకు ఉత్తరం ఇద్దరం కూర్చుని రాశాం. అనివార్య కారణాల వల్ల అని నేను మొదలుపెడితే ఆయన కొట్టేశాడు. ఇక్కడి తేమ నాకు పడలేదు, పొడి ఇల్లు దొరకలేదు, తిరిగి వెళ్లిపోతున్నాను అని రాశాడు. మరీ ఇంత సూటిగానా అని నోటిదాకా వచ్చింది. పంపెయ్ అన్నాను.