మా సందులో ఫౌంటెన్

నేను చదువుకున్నదాన్ని కాబట్టే మా పాప తప్పిపోయింది. చదువుకోనిదాన్నయి ఉంటే పది నిమిషాల్లో ఇల్లు చేరేది. ఈ రెండు వాక్యాలు ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు ఇంట్లో అందరూ పడుకున్నారు, తలుపు గొళ్ళెం రెండుసార్లు చూసొచ్చాను, ఇక ఆ ఘోరం పూర్తిగా చెప్పేస్తాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. మా అత్త ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

తొంభైల చివరి మాట. ధర్మవరంలో డిగ్రీ చదివి, హిందూపురానికి కోడలిగా వచ్చాను. మా ఆయనకు బెంగళూరులో ఉద్యోగం. శనివారం వచ్చి సోమవారం తెల్లారకముందే బస్సెక్కేవారు. ఏడాదిలో మేమూ అక్కడికే కాపురం మారాలి. ఆ మాట అనుకున్న రోజు నుంచి నాకు ఒకటే దిగులు. అంత పెద్ద ఊళ్ళో మా నాలుగేళ్ళ మేఘన తప్పిపోతే? మీ ఇల్లెక్కడని ఎవరైనా ఇంగ్లీషులో అడిగితే, బిక్కమొహం వేస్తే? ఇంకా అద్దెకు తీసుకోని ఇంటికి దారి తెలియక ఏడుస్తున్న పిల్లను తలుచుకుని, నేను ముందుగానే ఏడ్చేసేదాన్ని.

బస్టాండు ముందు గుడ్డ పరిచి అమ్మేవాడి దగ్గర 'అవర్ సిటీ' అనే చార్టు కొన్నాను. అవెన్యూ, పార్కు, ఫౌంటెన్, బ్రిడ్జి, అన్నీ రంగురంగుల బొమ్మలు. దాన్ని వంటింటి తలుపుకు అంటించాను. అయితే బొమ్మ చూపిస్తే చాలదు, నిజమైన వస్తువు చూపిస్తేనే పిల్లలకు మాట వంటబడుతుందని ఎక్కడో చదివాను. మా సందులో వెతికాను. వెతికితే దొరకనిదేముంది? ఎండిన వేపచెట్టు, దాని కింద రెండు మేకలు. అది పార్కు. మురిక్కాలువ మీద పరిచిన బండ బ్రిడ్జి. మున్సిపాలిటీ పైపు పగిలి మూరెడెత్తు ఎగజిమ్మే నీళ్ళు ఫౌంటెన్. ఇక పిండి మిషను వెనకున్న మా సందే అవెన్యూ. ఎదురెదురుగా రెండు సైకిళ్ళొస్తే ఒకటి వెనక్కి పోవాల్సిన అవెన్యూ!

నెల తిరగకుండా పాప అందుకుంది. "వేర్ డు యు లివ్?" అంటే చాలు, చేతులు కట్టుకుని పద్యం అప్పజెప్పినట్టు చెప్పేది: "అవెన్యూ, నియర్ ది పార్క్, ఆపోజిట్ ఫౌంటెన్, బిహైండ్ ది బ్రిడ్జ్!"

"ఏమ్మే," అనేది మా అత్త లక్ష్మమ్మ, వక్కలు నములుతూ. "ఆ పైపుకి పేరు పెట్టేది కాదు. బాగు చేయమని ఆఫీసుకు ఒక కాగితం రాయి. డిగ్రీ చదివినావు గదా!"

"పైపు కాదవ్వా, ఫౌంటెన్!" అని మేఘన దిద్దేది. నేను ఆనందంతో గాలిబుడగలా ఉబ్బిపోయేదాన్ని.

ఒక ఆదివారం ధర్మవరం నుంచి మా నాయన వచ్చాడు. సాయంత్రం ఆయన్ను బస్సెక్కించడానికి పాపను తీసుకుని బస్టాండుకు వెళ్ళాను. మా వైపు బస్సులో సీటు కావాలంటే తలుపు దగ్గర మర్యాదగా నిలబడితే కుదరదు. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసరాలి. నాయనకు మోకాళ్ళ నొప్పులు. అందుకని ఆయన భుజం మీది తువ్వాలు లాక్కుని నేనే ఎగబడ్డాను. విసిరాను. అదే సీటు మీద పెనుకొండ పోయే ఒకామె సంచి కూడా పడింది.

"నా సంచే ముందు పడినాది!"

"నా తువ్వాలు ముందు!"

న్యాయశాస్త్రం చదివినదానిలా వాదించి, గెలిచి, నాయన్ను కూర్చోబెట్టి వెనక్కి తిరిగాను. సీటు దొరికింది. పిల్ల లేదు.

నాయన బస్సు దిగేశాడు. నేను ఒక పక్క, ఆయన ఒక పక్క వెతికాం. సోడాబండి దగ్గర లేదు, పుస్తకాల అంగట్లో లేదు. బస్సుల కింద కూడా వంగి చూశాను. ఇంటికేమైనా పోయిందేమోనని చెప్పులు చేతబట్టి పరుగెత్తాను. అక్కడా లేదు. అత్త అరుగు మీదే కూలబడింది.

అప్పుడు బస్టాండు వెనక జట్కాల దగ్గర జరుగుతున్నది మాకు తర్వాత తెలిసింది. ఒంటరిగా ఏడుస్తున్న పిల్లను బండివాళ్ళు చుట్టుముట్టారు.

"యాడ పాపా మీ ఇల్లు?"

మేఘన కళ్ళు తుడుచుకుని, చేతులు కట్టుకుని, నేను నేర్పిన పాఠం తప్పు లేకుండా అప్పజెప్పింది.

"పార్కంట, ఫౌంటెనంట, బ్రిడ్జంట! మన ఊర్లో యాడుండాయబ్బా అవి? ఇది బెంగళూరు పాప!"

"అదో, బెంగళూరు బస్సు బయలుదేర్తాండాది. ఎక్కిచ్చండప్పా! ఆడ పోలీసోళ్ళకు అప్పజెప్తారు."

కండక్టరు పిల్లను ఎత్తుకోబోయాడు. చూశారా, బెంగళూరులో తప్పిపోకుండా నేను నేర్పిన ఇంగ్లీషు పిల్లను ఏకంగా బెంగళూరుకే పంపబోయింది!

అక్కడే ఉన్న మహబూబ్ సాబు అడ్డుపడ్డాడు. ముప్పై ఏళ్ళుగా జట్కా తోలుతున్న మనిషి, బడి మొహం చూడనివాడు. "నాకు అవ్వ కావల్ల!" అని పిల్ల ఏడవగానే చెయ్యెత్తాడట.

"నిలబడప్పా! మాటలు బెంగళూరువే గానీ, ఏడుపు హిందూపురానిది."

పిల్ల ముందు గొంతుక్కూర్చుని అడిగాడు. "ఫౌంటెనంటే ఎట్లుంటాది పాపా? నాకు చూపిచ్చు."

మేఘన చుట్టూ చూసి, బస్టాండు నీళ్ళ తొట్టి దగ్గర కారుతున్న పైపు చూపించింది. "అది చిన్న ఫౌంటెన్. మాది పెద్దది."

"అట్లనా! మరి బ్రిడ్జి?"

టీ అంగడి ముందు కాలువ మీద బండ చూపించింది.

"పార్కు?"

చెట్టు కింద, గోడకంటించిన పోస్టర్లు పీకి నములుతున్న మేకలను చూపించింది.

సాబు పకపకా నవ్వాడట. "పగిలిన పైపు, కాలవ మీద బండ, చెట్టు కింద మేకలు! ఇది పిండి మిషను వెనక సందు గదప్పా! పోయిన వారమే ఆ బురదలో నా చక్రం దిగబడినాది."

మూడు సంవత్సరాలు కాలేజీలకు, పరీక్షలకు తిరిగిన నా బుర్రకు తట్టనిది ఆయనకు మూడు ప్రశ్నల్లో తట్టింది. తెలియని మాట వినబడితే నాకు తెలుసన్నట్టు తలూపడమే నేను నేర్చుకున్న చదువు. చూపించమని అడగడం ఆయన చదువు.

మా సందులోకి జట్కా వచ్చింది. ముందు కూర్చుని కళ్ళెం పట్టుకున్నది మా మేఘన! నేను పిల్లను పట్టుకుని ఏడుస్తున్నాను, అత్త సాబు చేతులు పట్టుకుని ఏడుస్తోంది.

"ఊరుకోక్కా," అన్నాడు సాబు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఇన్నేండ్లు ఈ ఊర్లో బండి తోలినా, మనకు ఇన్ని సోకులుండాయని నాకు తెలీదమ్మా. ఒకటే అనుమానం. దారి పొడుగునా పాప నా గుర్రాన్ని చూపిచ్చి 'ట్రాఫిక్, ట్రాఫిక్' అనింది. అది తిట్టా, పొగడ్తా?"

"పొగడ్తే!" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"అట్లయితే మళ్ళొచ్చే ఆదివారం వస్తానమ్మా. పాప చెప్పిన ఆ చార్టులోటివి నాకూ నేర్పిచ్చు. బెంగళూరు గిరాకీలు ఎక్కితే పనికొస్తాది."

అందుకని ఆ గుర్రం సాక్షిగా నేను చేసిన ప్రమాణం ఇది. అవ్వ పేరు, సందు గుర్తు తెలుగులో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాకా, నా కడుపున పుట్టిన ఏ బిడ్డకూ ఏ నగరాన్నీ ఏ భాషలోనూ నేర్పను. నేర్పను, నేర్పను, నేర్పను. మహబూబ్ సాబుకు మాత్రం మినహాయింపు. ఆయనకు ఎన్ని మాటలు నేర్పినా భయం లేదు. ఆయన తప్పిపోయే మనిషి కాడు.