వేలెత్తిన మనిషి

కావలిలో డయాలసిస్‌కు వారానికి రెండు విడతలు వెళ్లేవాడిని. పక్క మంచం అల్లూరు రొయ్యల గుంటల కాపలాదారుది. టీవీలో హాస్య ధారావాహిక నవ్వించబోతుందనగా అతను వేలెత్తేవాడు. “నవ్వి చెయ్యి కదపబాకన్నా, సూది జారతాది,” అనేవాడు.

ఒక మంగళవారం ఆ ధారావాహికలో, ఎప్పుడూ కోడలిని ఆటపట్టించే మామ, ఆమె మూసిన తలుపు ముందు అన్నం పళ్లెంతో నిలబడ్డాడు. కాపలాదారు వేలు ఎత్తబోయి దించేశాడు. తలుపు తెరుచుకోకముందే అతని విడత ముగిసింది. “ఇంక రానన్నా, ఈ సూదులతో విసుగొచ్చేసినాది,” అంటూ బస్సుకు వెళ్లాడు.

ఆ రోజు భాగం ముగింపును నేను చూసి డైరీలో రాసి ఉంచాను.

శుక్రవారం అతను వచ్చాడు. “తలుపు తీసిందా ఆ పిల్ల?” అని అడిగాడు. నేను పుట తెరిచేసరికి వేలెత్తాడు.

“ఇప్పుడే చెప్పబాకన్నా. మళ్లీ వచ్చేదానికి ఏదో ఒకటుండాల.”

ఆ తరువాత పదకొండు సార్లు వచ్చాడు. ఆ పుటను ఒక్కసారీ చదవనివ్వలేదు.